సవరణ: దలీప్ సింగ్ సౌంద్ పోస్టులో తేదీలు

అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారతీయుడు దలీప్ సింగ్ సౌంద్‌ను గుర్తు చేసుకుంటూ మొన్న ఒక పోస్టు పెట్టాను. భారతీయులకు అమెరికా పౌరసత్వం దక్కేలా 1946లో అక్కడి చట్టం మారగానే ఆయనకు పౌరసత్వం వచ్చిందని, 1950లో జడ్జి అయ్యారని అందులో రాశాను. రెండూ తప్పే. చట్టం వచ్చిన ఏడాదినే పౌరసత్వం వచ్చిన ఏడాదిగా అనుకున్నాను, పొరపాటు నాదే.

ఆయన ఆత్మకథ, అమెరికా ప్రతినిధుల సభ చరిత్ర విభాగం రాసిన జీవిత వివరాలు చూశాక తేలింది ఇది: పౌరసత్వం వచ్చింది 1949 డిసెంబరులో. 1950 నవంబరులో జడ్జి పదవికి జరిగిన ఎన్నికలో గెలిచారు గానీ, అప్పటికి పౌరుడై ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. కొద్ది వారాల తేడా! 1952లో మళ్లీ నిలబడి గెలిచారు.

జడ్జి అంటే హైకోర్టా అని కొందరు అడిగారు. కాదండీ, కాలిఫోర్నియాలో వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్లో చిన్న కేసులు చూసే కోర్టు. మీ కోర్టుకు రావాలంటే తలపాగాలు మీరే ఇస్తారా, మేమే కొనుక్కోవాలా అని ఒకాయన ఎగతాళి చేస్తే, తల మీద ఏముందో నాకు అనవసరం, లోపల ఏముందన్నదే ముఖ్యం అన్నారట సౌంద్.

మిగతాది అలాగే ఉంచాను: మామిడిపండ్లను డబ్బాల్లో నిల్వచేసే విద్య కోసం 1920లో వెళ్లడం, గణితంలో డాక్టరేటు చేసి కూడా వ్యవసాయంలో దిగడం, భార్య మేరియన్, ముగ్గురు పిల్లలు, 1957లో కాంగ్రెస్ సభ్యుడిగా ఇండియా రావడం.