అప్పును నిండా బతకనియ్యాలె

ఓరుగల్లులో ఈ మధ్య ఒక పాడు అలవాటు పాకుతోంది. ఇరవై ఏళ్లకని హోంలోను తీసుకున్న మనిషి పన్నెండేళ్లకే దాన్ని తీర్చేసి, తనకేం తెలియనట్టు పొద్దున్నే భద్రకాళి బండ్ మీద చేతులూపుకుంటూ నడుస్తున్నాడు. కాలనీవాళ్లు నిలదీయరు, పెద్దమనుషులు పంచాయితీ పెట్టరు, ఠాణాలో కేసు లేదు. పైగా కొందరు "మంచి పని చేసినవ్ తమ్మీ" అని భుజం తడుతున్నారు. పోయిన అప్పు తరఫున మాట్లాడే నోరు ఒక్కటైనా ఉండాలి కదా.

ముందు దాని జాతకం చూడండి. 20 లక్షల అసలు, 9 శాతం మిత్తి, 240 నెలల ఆయుష్షు. నెల కిస్తు 17,995. మొదటి నెల అందులో 15,000 మిత్తికి పోతే అసలుకు జమయ్యేది 2,995. పసిగుడ్డు పాలు తాగకుండా ఎట్లా పెరుగుతుంది? ఏడాది పొడుగునా రెండు లక్షల పదిహేను వేల చిల్లర కట్టినా అసలు తగ్గేది 37 వేల చిల్లరే. కిస్తులో అసలు వాటా మిత్తి వాటాను దాటాలంటే పన్నెండేళ్ల నాలుగు నెలలు గడవాలి. అప్పటిగ్గానీ దానికి మీసం రాదు. సరిగ్గా మీసం మొలిచే ఈడుకు దాన్ని మట్టుపెడుతున్నారన్నమాట.

ఎట్లా చేస్తారో తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. లోను తీసుకొని ఏడాది నిండగానే, తొట్టెల దావత్ ఆల్బం ఇంకా చేతికి రాకముందే, లక్ష రూపాయలు పట్టుకొని బ్రాంచికి పోతారు. "కిస్తు తగ్గించమంటరా, నెలలు తగ్గించమంటరా?" అని కౌంటర్లో అడుగుతారు. సంస్కారం ఉన్న మనిషి కిస్తు తగ్గించమంటాడు. 17,995 కాస్తా 17,078 అవుతుంది. నెలకు 917 మిగులు, నెలకో ఆదివారం కిలో మటన్. అప్పు చెక్కుచెదరకుండా దాని ఆఖరి తారీఖు దాకా బతుకుతుంది. బ్యాంకు సంతోషం, మటన్ కొట్టాయన సంతోషం. మొత్తం మీద మిత్తిలో మిగిలేది సుమారు లక్షా తొమ్మిది వేలు.

రెండోరకం మనిషి "కిస్తు అంతే ఉంచుండ్రి, నెలలు తగ్గించుండ్రి" అంటాడు. ఒక్క లక్షకు అప్పు ఆయుష్షులో 27 నెలలు ఎగిరిపోతాయి. మిత్తిలో మిగిలేది నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. అదే లక్ష పదిహేనో ఏట కడితే ఇంత దెబ్బ తగలదు. అందుకే ఈ మనుషులు అప్పు చిన్నగా ఉన్నప్పుడే మీద పడతారు.

అప్పుకు స్వతహాగా కొంత రోగనిరోధక శక్తి ఉంది. ఊరికే ఆన్‌లైన్లో లోను ఖాతాకు డబ్బు పంపితే కొన్నిచోట్ల అది ముందస్తు కిస్తుల కింద పడి ఉంటుంది, అసలు మీద గీత కూడా పడదు. ఈ ఒక్క దయాగుణం వల్ల ఎన్ని అప్పులు గండం గడిచాయో. కానీ ఆరితేరినవాళ్లు "అసలుకు జమ చేసి గడువు తగ్గించగలరు" అని కాగితం మీద రాసిచ్చి, జిరాక్సు మీద ముద్ర వేయించుకుంటారు. వారం తర్వాత పోయి కొత్త కిస్తుల పట్టిక తీసుకుంటారు. దాంట్లో ఆఖరి కిస్తు తారీఖు వెనక్కి జరిగిందా లేదా చూస్తారు. జరగకపోతే అక్కడే కూర్చుంటారు. చాలా బ్యాంకులు మిత్తిని రోజువారీ బాకీ మీద లెక్కిస్తాయి గనుక చేతికొచ్చిన డబ్బును నెలాఖరు దాకా కూడా ఉంచరు.

పోనీ రిజర్వు బ్యాంకైనా అడ్డం పడుతుందా అంటే అదీ లేదు. మధ్యలో మిత్తి మారుతుండే ఫ్లోటింగ్ రేటు హోంలోను ముందే తీర్చిన వ్యక్తి దగ్గర జరిమానా వసూలు చేయొద్దని ఏనాడో చెప్పేసింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా అది బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి ఎక్కినప్పుడు అప్పులకు మంచి రోజులొచ్చాయి. కిస్తు అంతే ఉంది, నెలలు మాత్రం చడీచప్పుడు లేకుండా పెరిగాయి. కొన్ని అప్పులైతే యజమాని రిటైర్మెంటు దాటి, పెన్షన్లోకి కూడా తొంగి చూశాయి. అది చూడలేక 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, కిస్తు పెంచాలా నెలలు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాణ్నే అడగమంది. ఇక 2025లో రేట్లు దిగితే ఈ మూర్ఖులు కిస్తు తగ్గించుకోకుండా పాతదే కడుతూ కూర్చున్నారు.

ఏ అప్పును ముందు చంపాలన్న దాంట్లోనూ వీళ్లకు పక్షపాతం ఉంది. ఊర్లో "రెండు రూపాయల మిత్తి" అంటే ఎంత ముద్దుగా ఉంటుంది! రెండు రూపాయలే కదా. నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. అంత మర్యాదస్తుణ్ని ఉంచి మనమంతా 9 శాతం హోంలోను మీద లక్ష కట్టి గర్వపడుతుంటాం. వీళ్లు రాగానే ఎక్కువ మిత్తి ఉన్నదాని గొంతు ముందు పట్టుకుంటారు. క్రెడిట్ కార్డు మీద 50,000 బాకీ ఉండి నెలకు మూడున్నర శాతం పడుతుంటే మిత్తి 1,750, దాని మీద జీఎస్టీ 315. 2,500 కడితే బాకీ తగ్గేది 435. ఆపైన బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే మిత్తి. ఇంత పటిష్ఠమైన కట్టడం కాకతీయులు కూడా కట్టలేదు. దాన్నే మొదట కూల్చుతారు.

పర్సనల్ లోను దగ్గర మాత్రం వీళ్లు చెయ్యి వెనక్కి తీస్తారు, ఇది గమనించాలి. లక్ష బాకీ, 14 శాతం, ఇంకా పది కిస్తులు ఉన్నాయనుకోండి. మిగిలిన మిత్తి సుమారు 6,500. 4 శాతం ముందస్తు చార్జీ, దాని మీద జీఎస్టీ కలిపితే 4,720. పద్దెనిమిది వందల కోసం లక్ష ఊడ్చిపెట్టడం ఎందుకని వదిలేస్తారు. దయ కాదది, లెక్క.

ఈ జిల్లాల్లో బంగారం మూడు రకాలు. దసరా నాడు చేతిలో పెట్టే జమ్మి ఆకు బంగారం. మేడారంలో తల్లులకు నిలువెత్తు ఇచ్చే బెల్లం బంగారం. ఈ రెండూ తాకట్టుకు పనికిరావు, అందుకే మూడోది బీరువాలోంచి పోతుంది. ఆరు తులాలూ ఒకే లోనుగా పెట్టి, ఏడాదికోసారి మిత్తి కట్టి రెన్యువల్ చేయించడం మన సంప్రదాయం. అట్లా చేస్తే చాలాచోట్ల మొత్తం బాకీ కడితేగానీ ఒక్క ఉంగరం కూడా బయటికి రాదు, అప్పు నూరేళ్లు చల్లగా ఉంటుంది. వీళ్లు అదే ఆరు తులాలను మూడు లోన్లుగా విడగొట్టి పెడతారు. చేతిలో డబ్బు పడ్డప్పుడల్లా ఒక్కో ప్యాకెట్ విడిపించుకొస్తారు. ముందు గొలుసు, తర్వాత గాజులు.

అప్పును కాపాడే అసలైన సైన్యం మాత్రం కుటుంబమే. ఆడబిడ్డకు ఒడిబియ్యం, మరదలి కొడుక్కు ధోతి ఫంక్షన్, ఇరవై ఒకటో రోజు దావత్, ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, జూన్‌లో బడి ఫీజులు. ఇన్ని కోటలు దాటి ఏ లక్షైనా బ్రాంచి దాకా పోతుందా? పోతోంది. ఎట్లాగంటే ఈ మనుషులు ఇంట్లో కట్నాలు రాసిన పాత బుక్కు తీస్తారు. తమ దావత్‌లో ఎవరు 516 రాశారు, ఎవరు 2,116 రాశారు చూసి, రాబోయే ఏడాది తిరిగి పెట్టాల్సింది కూడుతారు. దాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా వేరే ఖాతాలో వేస్తారు. పెళ్లిపిలుపు వస్తే ముఖం మాడ్చుకోరు, నవ్వుతూ పోయి బగారన్నం తినొస్తారు. ఇంటావిడకు తెలియకుండా చేసే పనులు ఎన్నటికైనా బయటపడి ఆగిపోతాయి, అప్పు బతుకుతుంది. వీళ్లు ఆమెనే ఖజానాదారును చేశారు. ఇక ఆపేదెవరు?

ఇంకో కుట్ర ఉంది. మూడు కిస్తుల డబ్బు, అంటే 54 వేలు, ముట్టుకోకుండా పక్కన పెట్టాకే బ్రాంచి మెట్లెక్కుతారు. ఉన్నదంతా ఊడ్చి కట్టిన ఆవేశపరుడు అప్పుకు ఆప్తమిత్రుడు. కట్టిన డబ్బు మామూలు హోంలోనులో వెనక్కి రాదు, తీసే వీలుండేది ఓవర్‌డ్రాఫ్ట్ రకంలోనే. రెండు నెలలకు ఇంట్లో ఎవరికో జ్వరం తిరగబెడితే 9 శాతం అప్పు కొంత తీర్చి 24 శాతం అప్పు కొత్తగా పుట్టిస్తాడు. వంశం వృద్ధి చెందుతుంది.

ఆఫీసులో అప్పు పక్షాన నిలబడేది ట్యాక్స్ సలహాదారు. ప్రతి ఆఫీసులో ఒకాయన ఉంటాడు, ఎవరూ పెట్టుకోరు గానీ ఉంటాడు. "లోను ఉంచుకో అన్నా, ట్యాక్స్ కలిసొస్తది" అంటాడు. నిజమే. పాత ట్యాక్స్ పద్ధతిలో, 30 శాతం శ్లాబులో ఉంటే, సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల మిత్తి దాకా వంద కడితే సెస్సుతో కలిపి 31 రూపాయల 20 పైసలు కలిసొస్తాయి. మిగతా 68 రూపాయల 80 పైసల సంగతి టీ బ్రేక్ అయిపోవడం వల్ల చర్చకు రాదు. కొత్త పద్ధతిలో అదే ఇంటికి కలిసొచ్చేది సున్నా. ఈ విషయం కూడా చర్చకు రాదు.

డీఏ బకాయిలు పడ్డప్పుడు, భూపాలపల్లి గనుల్లో దసరా ముందు లాభాల వాటా వచ్చినప్పుడు అప్పులు గజగజ వణుకుతాయి. దానికన్నా భయంకరమైనది ఇంక్రిమెంటు. ఏటా కిస్తును 5 శాతం పెంచుకుంటూ పోతే, అంటే మొదటి ఏడు 17,995, రెండో ఏడు 18,895, ఇట్లా, ఇరవై ఏళ్ల లోను పన్నెండేళ్ల చిల్లరకు ప్రాణం వదులుతుంది. ఓవర్‌టైం లేదు, సాయంత్రం ట్యూషన్లు లేవు, అరుపులు లేవు. నిద్రలో విషమిచ్చినట్టే.

సరదాలైనా మానేస్తారా అంటే, మానరు. ఇదే అన్నిటికన్నా కలవరపరిచే సంగతి. సరదా మానేసినవాడు ఏడెనిమిది నెలలకు తెగిస్తాడు. ఒక అర్ధరాత్రి 60,000 కెమెరా "నో కాస్ట్ ఈఎంఐ" మీద కొంటాడు. నెలకు 5,000, పన్నెండు నెలలు. అందులో 15 శాతం లెక్కన దాగిన మిత్తి 4,603. అది డిస్కౌంటు రూపంలో ముందే తీసేసినట్టు చూపిస్తారు, దాని మీద 829 రూపాయల జీఎస్టీ మాత్రం మనదే, ప్రాసెసింగ్ ఫీజు అదనం. వీళ్లు అట్లా తెగించరు. నెలకో వెయ్యి సరదా పేరుతో పక్కన పెట్టి, పాత కెమెరాతోనే రామప్పకో పాఖాలకో పోయి, లెన్స్ కావాలంటే దోస్తుది అడుగుతారు. కడుపు నిండినవాణ్ని దావత్‌కు పిలిచి ఏం లాభం?

అప్పు చచ్చాక కర్మకాండ కూడా పద్ధతిగా చేస్తారు. మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో బ్యాంకు రాసిచ్చే క్లోజర్ స్టేట్‌మెంట్ మీద ఒక తారీఖు ఉంటుంది. మూడు లక్షల బాకీ మీద రోజుకు 74 రూపాయల మిత్తి, ఆ తారీఖు దాటి మూడు రోజులు ఆలస్యమైతే 222 రూపాయల ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. చిన్న మొత్తమని వదిలేస్తే అదే బకాయిగా, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌కు ఎక్కుతుంది. వీళ్లు వదలరు. కిస్తు లాగే మ్యాండేట్ రద్దు చేయిస్తారు, బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తీసుకుంటారు, ఇచ్చిన చెక్కులు వెనక్కి తెస్తారు, సిబిల్‌లో "క్లోజ్డ్" అని ఉందా చూసుకుంటారు. "సెటిల్డ్" అని ఉంటే ఒప్పుకోరు, అది తక్కువకు తెగ్గొట్టినవాళ్లకు రాసే మాట. ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి, బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున బ్యాంకే కట్టాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి ఉన్న రూలు. లోనప్పుడు ఇచ్చిన కాగితాల లిస్టు దగ్గర పెట్టుకొని లింక్ డాక్యుమెంట్లు సహా ఒక్కొక్కటి టిక్కు పెడతారు.

తాకట్టు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరై ఉంటే విడుదల కూడా అక్కడే రిజిస్టర్ చేయించాలి. ఇది మరిచినవాళ్లే ఎక్కువ. నెల తర్వాత, ఆస్తి మీద ఏ తాకట్లున్నాయో చూపే ఈసీ తీస్తే తాకట్టు ఇంకా కనబడుతుందంటే పిట్ట ముట్టలేదనే అర్థం. అప్పు ఆత్మ ఇంటి చుట్టే తిరుగుతోంది, ఇల్లు అమ్మబోయే రోజున ఎదురొస్తుంది. ఈ పాపాత్ములు పిట్ట ముట్టేదాకా ఆఫీసు చుట్టూ తిరిగి, ఈసీలో చూసుకొని, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

అయితే అప్పు జాతికి ఇంకా ఆశ చావలేదు. తాళం వేసిన వారానికి ఇంటికి బామ్మర్ది వస్తాడు. చాయ్ తాగుతాడు, పిల్లల మార్కులు అడుగుతాడు, పోయేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగుతాడు.

"బావా, మీ ఇంటి కాగితాలు ఇప్పుడు ఖాళీగనే ఉన్నయట గదా?"