పరామర్శకు పట్టిక ఎందుకు?

చర్చి సంఘంలో ఎవరు జబ్బుపడినా, ఎవరింట్లో చావు జరిగినా పరామర్శకు ఎవరు వెళ్లాలో ముందే పేర్లు రాసి పెట్టుకోవాలన్నది ప్రతిపాదన. సంఘపెద్దకు అది నచ్చలేదు. పరిచర్య చూసే సోదరి వదల్లేదు.

పెద్ద: ప్రేమకు కూడా డ్యూటీ చార్టు వేస్తారామ్మా? మనసున్నవాళ్లు పిలవకుండానే వెళ్తారు. మనసు లేనివాణ్ణి నువ్వు పంపినా గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటాడు.

సోదరి: మనసున్నవాళ్లు వెళ్తారండీ, కాదనను. ఎవరింటికి వెళ్తారో చూడండి. పాటలు పాడేవాళ్లింటికీ, ముందు వరసవాళ్లింటికీ పదిమంది. ఆరాధన చివర ఆశీర్వాదం అయీ అవకుండానే వెనకనుంచి వెళ్లిపోయే విధవరాలు నెల్లాళ్లు రాకపోయినా ఎవరికీ తెలీదు. బైబిల్లో తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో జరిగిందీ ఇదేగా? గ్రీకు మాట్లాడే విధవరాళ్లను రోజువారీ పంపకంలో వదిలేశారని వాళ్లవాళ్లు సణిగారు. ఆ సంఘంలో ప్రేమ లేకనా? అపొస్తలులు ప్రసంగం చేసి ఊరుకోలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల వైపు మనుషులకే పంపకం అప్పగించినట్టు కనిపిస్తుంది.

పెద్ద: వాళ్లు ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లు. నీ పట్టికలో ఉండేది వంతు వచ్చినవాళ్లు! పైగా పేర్లు రాయగానే మిగతా సంఘమంతా ‘అది వాళ్ల పని’ అని చేతులు దులుపుకుంటుంది. మంచం మీదున్న మనిషికీ తెలిసిపోతుందమ్మా, వచ్చినవాడు తన కోసం వచ్చాడా, రిజిస్టరులో టిక్కు కోసం వచ్చాడా అని.

సోదరి: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆరు నెలలకోసారి పేర్లు మార్చడం, కొత్తవాళ్లను పాతవాళ్లకు జతచేసి పంపడం, అంతవరకే చేయగలం. కానీ పట్టిక లేకపోతే ఏమవుతోంది? చావింట్లో మొదటి మూడు రోజులూ కూర్చోడానికి చోటుండదు, వచ్చిన భోజనం మిగిలి పారబోస్తారు. మూడోవారానికి చుట్టాలు వెళ్లిపోతారు, బ్యాంకు కాగితాలూ పింఛను కాగితాలూ మీద పడతాయి. అప్పుడు గుమ్మం తొక్కేవాడుండడు. పట్టిక కావలసింది ఆ వేళకి. మూడోవారం ఒకరు, ఆరోవారం ఒకరు, మూడు నెలలకు మరొకరు, ఏడాది తిరిగిన రోజున ఒక ఫోను. భోజనం రోజు విడిచి రోజు పంపితే చాలు. షుగరుందా, ఉప్పు తగ్గించాలా అని ముందే అడగాలి, తిరిగివ్వక్కర్లేని డబ్బాల్లో పెట్టాలి. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనే మాట అసలు మానేయాలి. కష్టంలో ఉన్నవాళ్లు ఏం కావాలో ఆలోచించుకుని, మొహమాటం చంపుకుని, వాళ్లే ఫోను చేయాలా? ‘గురువారం సాయంత్రం మీ నాన్నగారి దగ్గర రెండు గంటలు కూర్చుంటాను, మీరు కాస్త పడుకోండి’ అంటే వద్దనడానికి ఒక్క ముక్క చాలు. ఆస్పత్రికైతే ఇద్దరికి మించి వద్దు, పది పదిహేను నిమిషాల్లో లేచిపోవాలి. రోగి మంచం మీద కూర్చోకూడదు, రిపోర్టులు అడగకూడదు. కీమో తీసుకునేవాళ్ల దగ్గరికి జలుబుతో వెళ్లనేకూడదు. వాళ్లకు తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి, మనకు తుమ్ములతో పోయేది వాళ్లను ఐసీయూలో పడేయొచ్చు.

పెద్ద: డబ్బు సంగతో?

సోదరి: అప్పుగా మాత్రం వద్దు. వాయిదా తప్పిన వారం నుంచి మొహం చూపించలేక మందిరానికే రావడం మానేస్తారు. ఇవ్వగలిగింది ఇచ్చేయాలి, వీలైతే ఇంటి ఓనరుకో మందుల షాపుకో నేరుగా కట్టాలి. ఓచరు మీద రెండు సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. లెక్కలు చదివేటప్పుడు మొత్తం చెప్పాలి, పేరు చెప్పకూడదు.

పెద్ద: పేరన్నావు గనక అడుగుతున్నా. మీ వాట్సాప్ ప్రార్థన గ్రూపులో నడిచేవి పేర్లే కదా? ఒకమ్మాయికి గర్భం పోయిందని ప్రార్థన అంశం పెడతారు. వాళ్ల అత్తగారికి ఆ సంగతి అక్కడే తెలుస్తుంది. చివర ‘ఎవరికీ చెప్పకండి’ అని ఒకటి!

సోదరి: వేదిక మీంచి జబ్బు పేరుతో సహా చదివేది మీరు కాదా అన్నగారూ?

పెద్ద: నేను చదివింది ఆ పూటతో పోతుంది. మీది స్క్రీన్‌షాటై తిరుగుతుంది.

సోదరి: ఏం పోతుందండీ, మధ్యాహ్నానికి రెట్టింపవుతుంది. గ్రూపుకైనా వేదికకైనా ఒకటే నియమం పెడదాం. ఆ మనిషినే అడిగి, వాళ్లు చెప్పమన్నంతే చెప్పాలి. పట్టికలో కూడా జబ్బు రాయం. పేరు, ఎవరు వెళ్లారు, మళ్లీ ఎప్పుడు, అంతే.

పెద్ద: అలాగైతే ఆరు నెలలు చూద్దాం. ఒక్కొక్కరికి ఎన్ని ఇళ్లు?

సోదరి: ఎనిమిది, మహా అయితే పది. వరసగా రెండు ఆదివారాలు కనబడకపోతే ఫోను, మూడో ఆదివారం కూడా రాకపోతే ఇంటికి. పాస్టరుగారి ఇల్లూ మీ ఇల్లూ కూడా రాస్తున్నాను.

పెద్ద: మా ఇల్లెందుకు?

సోదరి: అందరినీ చూసొచ్చేవాళ్లింటికి వెళ్లాలని ఎవరికీ తోచదు. వదినగారి మోకాలి ఆపరేషనప్పుడు ఎవరొచ్చారో చెప్పండి.

పెద్ద: ఎవరికీ చెప్పొద్దని ఆవిడే అంది.

సోదరి: అయితే ఆవిణ్ణే అడిగి రాస్తాను.