ఆ "క్యాన్సర్‌కు చెక్" వార్తలో ఉన్న ఆకు నేను కోసిందే

నిన్న ఫ్యామిలీ గ్రూప్‌లో మళ్లీ అదే ఫోటో. సీతాఫలం ఆకు, పక్కన పింక్ రిబ్బన్, పైన పెద్ద అక్షరాల్లో "పాలమూరు సీతాఫలంతో రొమ్ము క్యాన్సర్‌కు చెక్". కింద "పరిశోధనలో తేలింది" అని. ఆ పరిశోధన చేసింది నేనే. కాబట్టి ఇవాళ కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

అది నా ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. బాలానగర్ దగ్గర మా మేనమామ చెలకలో ఆకు కోసుకొచ్చా. నీడలో ఎండబెట్టి, మిక్సీలో పొడి కొట్టి, మిథనాల్‌తో సారం తీస్తే చివరికి సీసా అడుగున మిగిలింది తారు లాంటి పచ్చటి ముద్ద. వేలికి అంటితే రెండు రోజులు పోదు. దాన్ని డీఎంఎస్‌వో అనే ద్రావకంలో కరిగించి, 96 గుంటల ప్లేట్‌లో పెరుగుతున్న ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేశాం. 48 గంటలయ్యాక ఎంటీటీ అనే పసుపు రంగు మందు వేస్తారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగుకు మారుస్తుంది, చచ్చింది మార్చలేదు. ఎక్కువ డోసు వేసిన గుంటలు పసుపుగానే ఉండిపోయాయి. దాచుకోవడమెందుకు, ఎగిరి గంతేశా.

ఆ కణాల కథ వింటే మనసు ఒకలా అయిపోతుంది. 1970లో అమెరికాలోని మిషిగన్‌లో, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక నన్ ఛాతీలో చేరిన నీళ్ల నుంచి తీశారు వాటిని. ఆమె పోయింది. కణాలు మాత్రం ఇప్పటికీ దేశదేశాల ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. కానీ ఫ్లాస్కులో వాటికి పేగు లేదు, కాలేయం లేదు, నెత్తురు లేదు. రెండు రోజులు మనం పోసిన మందులోనే మునిగి ఉంటాయి. సర్ఫ్ నీళ్లు పోసినా చస్తాయి.

పేపర్‌లో రాయనివి ఇప్పుడు రాస్తా. సగం కణాలు చావడానికి మాకు మిల్లీలీటరుకు దాదాపు 100 మైక్రోగ్రాముల సారం పట్టింది. ముడి సారమైతే 20, 30 లోపు వస్తేనే పని ముందుకు తీసుకెళ్లదగ్గది అంటారు. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మామూలు కణాల మీద వేసి చూడనే లేదు. డబ్బుల్లేవు, టైమ్ లేదు. అంటే అవి క్యాన్సర్ కణాలు కాబట్టి చచ్చాయా, ఉత్త కణాలు కాబట్టి చచ్చాయా అన్నది మాకే తెలీదు! థీసిస్‌లో ఈ ముక్క 41వ పేజీలో ఒక్క వాక్యం. ప్రెస్ నోట్‌లో అదీ లేదు. నోట్ రాసిన సారుకు ఫోన్ చేస్తే "మంచి పేరే వచ్చింది కదమ్మా" అన్నారు.

సీతాఫలం గింజల పొడి పేలకు పెట్టే ఊళ్లు మనవి. కంట్లో పడితే ఏమవుతుందో అమ్మలకు తెలుసు. అందులోని అసిటోజెనిన్లు అనే పదార్థాలు కణం శక్తి తయారుచేసుకునే చోటే దెబ్బ కొడతాయి. దాని చుట్టం లక్ష్మణఫలం, అదీ ఈ ఫార్వర్డ్‌ల హీరోనే. గ్వాడెలూప్ దీవిలో ఆ పండ్లు, ఆకు టీ బాగా అలవాటున్న వాళ్లలో పార్కిన్సన్ లాంటి జబ్బు కనిపిస్తోందని 1999లోనే డాక్టర్లు రాశారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా చిన్నమ్మ. అచ్చంపేట దగ్గర ఉంటుంది. రొమ్ములో కంది గింజంత గడ్డ తగిలితే ఎవరికీ చెప్పకుండా ఐదు నెలలు పొద్దున్నే సీతాఫలం ఆకు కషాయం తాగింది. నిమ్మకాయంత అయ్యాక చెప్పింది. నేను అరిచేశా. తను మాత్రం నెమ్మదిగా, "నువ్వే గద బిడ్డా కనిపెట్టింది? పేపర్ల చూసిన. ఇంట్ల పిల్ల చేసిన మందు ఉండంగ దవాఖానకెందుకు అనుకున్న" అంది. నేను చేసింది మిథనాల్ సారం, నువ్వు తాగింది నీళ్ల కషాయం, రెండిట్లోకి దిగే పదార్థాలే వేరు అని ఆమెకు ఏ మొహంతో చెప్పను?

ముక్క పరీక్ష, స్కానింగులు అయ్యాయి. గడ్డ తగ్గడానికి ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు పెట్టడం అన్నారు. ఆరోగ్యశ్రీలోనే అవుతోంది. మొన్న ఎక్కించింది పాక్లిటాక్సెల్ అనే కీమో మందు. అదీ చెట్టు మందే అని చెప్పా. అమెరికాలో యూ అనే చెట్టు బెరడు 1962లో ఒలిచారు, అందులో పనిచేసే పదార్థం ఆకారం 1971లో తేలింది, రొమ్ము క్యాన్సర్‌కు వాడటానికి అక్కడ అనుమతి 1994లో వచ్చింది. "మరి గా బెరడు కాచి తాగితే అయిపోవు గద" అంది. ఆ చెట్టు విషం, తాగితే గుండె ఆగుతుంది చిన్నమ్మా అన్నా. కాసేపు సీసా వైపు చూసింది.

ఆ మందు నీళ్లలో కరగదు. ఆముదం నుంచి తయారుచేసిన ద్రావకంలో కలిపి ఇస్తారు. అది కొందరికి పడదు కాబట్టి ముందే ఇంజెక్షన్లు వేస్తారు. ఇది చెప్పేసరికి చిన్నమ్మ మొహం వెలిగింది. ఇరవై ఏళ్లు ఆముదాలు పండించిన మనిషి.

"మా ఆముదమా గిది? మాకు క్వింటాలుకు ఏమిచ్చిండ్రు, వీళ్లు సీసాకు ఎంత తీస్కుంటున్నరో అడుగు."