అదనపు సేనలు వద్దన్న అమెరికా కాంగ్రెస్, నిధులెందుకు ఇచ్చింది?

2006 నవంబరు ఎన్నికల్లో ఇరాక్ యుద్ధంపై అమెరికా ఓటర్లు తమ కోపాన్ని దాచుకోలేదు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ అధ్యక్షుడు బుష్ పార్టీ అయిన రిపబ్లికన్ల చేజారాయి. రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తప్పుకున్నారు. పోరాట దళాలను వెనక్కి రప్పించే దారి చూడమని ఇరాక్ యుద్ధాన్ని సమీక్షించిన బేకర్-హామిల్టన్ బృందం డిసెంబరులో సూచించింది. ఇదంతా అయ్యాక, 2007 జనవరి 10న అధ్యక్షుడు బుష్ టీవీలో మాట్లాడుతూ మరో 20,000 మందికి పైగా సైనికులను పంపుతున్నట్టు ప్రకటించారు.

ఆయన వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఇరాక్‌లోని సమర్రాలో షియాల పుణ్యక్షేత్రాన్ని పేల్చేశాక, షియా-సున్నీ కక్షలతో బాగ్దాద్‌లో రోజూ శవాలు తేలేవి. ముందు ఆ రక్తపాతం ఆగితే, ఇరాక్ నాయకులు కూర్చుని రాజీకి వస్తారన్నది ఆయన లెక్క.

కాంగ్రెస్ ఏం చేసింది? ఫిబ్రవరి 16న ప్రతినిధుల సభ 246-182 ఓట్లతో అదనపు సేనలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. 17 మంది రిపబ్లికన్లు కూడా కలిసివచ్చారు. కానీ అది అధ్యక్షుడు పాటించి తీరాల్సిన తీర్మానం కాదు. సెనేట్‌లో ఆ మాత్రం కూడా ముందుకు కదల్లేదు. చర్చకు తేవడానికి 60 ఓట్లు కావాలి, వచ్చినవి 56.

ఆ తర్వాత నిధుల బిల్లులో ఉపసంహరణకు గడువు పెట్టారు. మే 1న బుష్ వీటో చేశారు. నెల తిరక్కుండానే గడువు లేని బిల్లును ఆమోదించి డబ్బు ఇచ్చేశారు. నాకు మింగుడుపడనిది ఇదే. నిధులు ఆపితే ‘యుద్ధంలో ఉన్న సైనికుడి నోటి దగ్గర కూడు లాగేశారు’ అంటారన్న భయం వాళ్లను వెనక్కి లాగింది. ఇన్ని నెలల్లో సైన్యాన్ని క్షేమంగా తీసుకురావాలని షరతు పెట్టి, దానికి సరిపడా డబ్బిస్తే ఎవరి కూడూ పోదు. వీటో చేసిన ప్రతిసారీ అదే బిల్లును మళ్లీ పంపి ఉండాల్సింది. 1973లో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) పోరుకు నిధులు ఆపిన కాంగ్రెస్ కూడా, వియత్నాం నుంచి సైనికులు ఇల్లు చేరాకే ఆ ధైర్యం చేసింది.

ఈ వెనకడుగు భారం మోసింది సైనికులే. ఏప్రిల్‌లో ఆర్మీ దళాల విధి కాలాన్ని 12 నెలల నుంచి 15కు పెంచారు. ఇరాక్‌లో అమెరికా సైనికులు అత్యధికంగా చనిపోయిన ఏడాది 2007. ఇరాకీ కుటుంబాలు పడ్డ గోస దీనికి ఎన్నో రెట్లు.

2008కల్లా హింస బాగా తగ్గిన మాట నిజం. అదనపు సేనల పాత్రను కాదనలేం. అయితే పశ్చిమ ఇరాక్‌లోని అన్బర్‌లో సున్నీ తెగలు అల్‌ఖైదాపై తిరగబడటం అంతకుముందే, 2006లోనే మొదలైంది. 2007 ఆగస్టులో షియా నేత ముక్తదా అల్ సదర్ తన మిలీషియా దాడులను ఆపారు. ఇక ఏ రాజీ కోసం ఈ సేనలను పంపామన్నారో అది అరకొరగానే మిగిలింది. బుష్ స్వయంగా గీటురాయిగా చెప్పిన చమురు ఆదాయ పంపిణీ చట్టం రానేలేదు.

2007 సెప్టెంబరులో ఇరాక్‌లోని అమెరికా సేనల అధిపతి జనరల్ పెట్రేయస్ సెనేట్ కమిటీ ముందుకు హింస తగ్గిన గ్రాఫులతో వచ్చారు. ఈ వ్యూహం వల్ల అమెరికా మరింత భద్రంగా ఉంటుందా అని రిపబ్లికన్ సెనేటర్ జాన్ వార్నర్ అడిగారు. తెలియదన్నారు జనరల్. ఆ తర్వాత ఆ మాటను సర్దుకున్నారు. ఆయనకు అప్పగించిన పని ఇరాక్ వరకే. వార్నర్ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మేలో ఆ నిధులకు ఓటేసిన సభ్యులు.