కోరల్ ట్యాంకుకు లైటు: బెజవాడ ఎండల్లో ఎంత వెలుగు చాలు?

విజయవాడ, గుంటూరుల్లో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని కోరల్స్, అంటే పగడపు జీవులు, పెంచాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ లైటు కొనాలనే. ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: డబ్బు పెట్టగలిగినంత పెద్దది కొనుక్కో. ఈ సలహా మన ఊళ్లకు పనికిరాదని, అందులోనూ రెండడుగుల చిన్న ట్యాంకుకు అసలు పనికిరాదని నా గట్టి అభిప్రాయం. వెలుగు చాలకపోతే కోరల్ నెలల తరబడి నెమ్మదిగా నీరసిస్తుంది, సరిదిద్దుకోవడానికి మనకు టైముంటుంది. ఎక్కువైన వెలుగుకు మే నెల వేడి తోడైతే మాత్రం కొద్ది రోజుల్లోనే తెల్లబడిపోతుంది.

కోరల్‌కు వెలుగు ఎందుకు కావాలో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కోరల్ జంతువే, కానీ దాని కణాల్లో కంటికి కనపడనంత చిన్న ఆల్గే, అంటే నాచు జాతి జీవులు, కాపురం ఉంటుంది. జూజాంథెల్లే అంటారు వాటిని. అవి వెలుగుతో చక్కెరలు తయారుచేసి, అందులో పెద్ద వాటా కోరల్‌కు ఇచ్చేస్తాయి. అంటే మనం లైటు వేస్తున్నది ఆ ఆల్గే కోసం. మచిలీపట్నం, సూర్యలంక తీరాల్లో పగడపు దిబ్బలు కనపడకపోవడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే. కృష్ణ, గోదావరి తెచ్చే ఒండ్రుతో అక్కడి నీళ్లు మసకబారి వెలుగు లోతుకు దిగదు. పైగా నదుల మంచినీళ్లు కలిసి ఉప్పదనం తగ్గుతుంది, అడుగంతా బురద. మన దేశంలో దిబ్బలు చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్‌కో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోవాలి.

ఆ ఆల్గేకు కావలసిన వెలుగును వాట్లలోనో ల్యూమెన్లలోనో లెక్కేస్తే తప్పుతుంది. వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు మాత్రమే. ల్యూమెన్, లక్స్ రెండూ మనిషి కంటికి కట్టిన కొలతలు. మన కంటికి బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగు. కోరల్‌లోని ఆల్గే ముఖ్యంగా పీల్చుకునేది 420 నుంచి 500 మధ్య ఉండే నీలం. అందుకే మంచి రీఫ్ లైటును లక్స్ మీటరుతో కొలిస్తే తక్కువ చూపిస్తుంది, హాల్లోని తెల్ల ట్యూబ్‌లైటు ఘనంగా చూపిస్తుంది. ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌లనూ ఈ కారణంగానే నమ్మలేం. సరైన కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల వెలుగు కణాలు పడుతున్నాయో అది చెబుతుంది. నడినెత్తి ఎండలో అది సుమారు 2000. మెత్తని రకాల్లో మష్రూమ్ కోరల్‌కు 50 నుంచి 100, జోవాంథిడ్స్‌కు, లెదర్ కోరల్‌కు 75 నుంచి 150 చాలు. ఆక్రోపోరా లాంటి గట్టి కొమ్మల కోరల్స్ మాత్రమే 200 నుంచి 350 దాకా అడుగుతాయి.

కాబట్టి లైటు కొనేముందు ఏ కోరల్ పెంచాలో తేల్చుకోవాలి. ఇక్కడ ఒక విషయం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఆక్రోపోరాతో సహా దిబ్బలు కట్టే రాతి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సీ ఫ్యాన్‌లు, నల్ల కోరల్స్ కూడా అందులోనివే. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. విదేశాల నుంచి వచ్చే రాతి కోరల్స్‌కైతే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రాలు ఉండాలి. ఆ కాగితాలు చూపించలేని షాపులో ఎంత అందమైన ముక్క కనిపించినా కొనకూడదు. ఇక మిగిలే జోవాంథిడ్స్, మష్రూమ్స్, లెదర్ కోరల్స్, జీనియా రాతి కోరల్స్ కోవలోకి రావు. అయినా వాటినీ ఎక్కడి నుంచి వచ్చాయో అడిగే కొనాలి. ఇవన్నీ మధ్యస్థమైన వెలుగులో హాయిగా బతికేవే. ఆక్రోపోరాకు పనికొచ్చే లైటు కొని, మష్రూమ్స్ మీద వెలిగించి, అవి ముడుచుకుపోతుంటే మందులు వెతకడం దేనికి?

వెలుగు ఎక్కువైతే లోపల జరిగేది ఇది. ఆల్గే చేయగలిగిన పనికి ఒక హద్దుంది. అది దాటాక పడే వెలుగు కొత్తగా తిండి పెట్టదు, హానిచేసే ఆక్సిజన్ రూపాలు పుట్టిస్తుంది. వాటిని తట్టుకోలేక కోరల్ తన ఆల్గేను తానే బయటికి నెట్టేస్తుంది. అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. బ్లీచింగ్ అంటే ఇదే. నీళ్లు వేడెక్కితే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది. జనవరిలో కోరల్ తట్టుకున్న లైటే, అదే సెట్టింగులో, మే నెలలో దాన్ని చంపగలదు. కోరల్ ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. రోజుల తరబడి 29, 30 దాటితే ముప్పే. బెజవాడలో పై అంతస్తు ఇంట్లో ఏసీ లేకపోతే మే నెలలో గదిలోనే 35 దాటుతుంది.

దీనికి లైటు వేడి కూడా తోడవుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తున్న ట్యాంకులో సుమారు 70 లీటర్లు పడతాయి. 100 వాట్ల లైటు ఒక గంట వెలిగి, అందులో సగం వేడి నీళ్లలోకి దిగిందనుకున్నా ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా పెరుగుతుంది. ఒకప్పటి మెటల్ హాలైడ్ దీపాలు 150, 250 వాట్లవి. అవి చిన్న ట్యాంకులకు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. టీ5 ట్యూబులు వెలుగును సమంగా పరుస్తాయి కానీ, ఏడాదికోసారి మార్చాలి, మన ఊళ్లలో సరైన ట్యూబు దొరకడం కష్టం. ఎల్‌ఈడీలో వేడి ఎక్కువ భాగం పైన ఉన్న హీట్‌సింక్ గుండా గదిలోకి పోతుంది, వెలుగు పెంచడం తగ్గించడం మన చేతిలో ఉంటుంది. ఇక్కడ ఎల్‌ఈడీ తప్ప వేరే మాటే లేదు. ఈ సైజు ట్యాంకులో మెత్తని కోరల్స్‌కు నాణ్యమైన రీఫ్ లైటు 30 నుంచి 50 వాట్లుంటే సరిపోతుంది. 40 వాట్లది రోజుకు తొమ్మిది గంటలు వెలిగినా నెలకు సుమారు 11 యూనిట్లే అవుతుంది. మిగిలిన డబ్బు చల్లదనం మీద పెట్టండి. నీళ్లను చల్లబరిచే చిన్న చిల్లర్ కొనగలిగితే మేలు. లేకపోతే నీటి మీదికి గాలి కొట్టే ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున అంత పని చేయదు. ఆవిరైన మేరకు ఆర్‌వో నీళ్లు రోజూ పోయాలి, లేకపోతే ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పు చూసుకోవడానికి రొయ్యల చెరువుల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే చాలు.

షాపులో కనపడే రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ కోరల్ ట్యాంకుల మీద నీలం తప్ప వేరే వెలుగు ఉండదు. ఆ వెలుగులో కోరల్ లోపలి ఫ్లోరసెంట్ ప్రోటీన్లు మెరుస్తాయి, ప్రతి ముక్కా నియాన్ బోర్డులా కనిపిస్తుంది. అదే ముక్క ఇంటికి తెచ్చి తెల్ల లైటు కింద పెడితే గోధుమరంగులోకి దిగుతుంది. రంగు పోయిందని కంగారుపడి జనం లైటు పెంచుతారు. పోయింది ఏమీ లేదు. కొనే ముందు ఫోన్ టార్చి వేసి చూపించమని అడగండి, అసలు రంగు తెలుస్తుంది. ఇంట్లో నీలం ఛానెల్ ఎక్కువ, తెలుపు దాంట్లో నాలుగో వంతు ఉంచితే కోరల్‌కు తిండీ అందుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా కూడా ఉంటుంది. తెలుపు, ఎరుపు బాగా పెంచితే అద్దాల మీద నాచు తొందరగా పడుతుంది. ఖర్చు కలిసొస్తుందని కిటికీ ఎండలో ట్యాంకు పెట్టడం అన్నిటికన్నా పొరపాటు. ఆ వేడిని, ఆ వెలుగును మనం తగ్గించలేం.

లైటును ఎంత ఎత్తులో వేలాడదీయాలన్నదీ ముఖ్యమే. నీటికి పది సెంటీమీటర్ల ఎత్తులో పెడితే మధ్యలో వెలుగు మండిపోతుంది, మూలల్లో చీకటి. 20 నుంచి 25 సెంటీమీటర్లకు లేపితే మధ్యలో కొంత తగ్గి, అంతటా పరుచుకుంటుంది. పైగా ఉప్పు తుంపరలు లైటుకు తక్కువ తగులుతాయి. అల్యూమినియం పట్టీ మీద ఎల్‌ఈడీ చిప్పులు బిగించి సొంతంగా తయారుచేసుకునే వాళ్లున్నారు. చేసుకోండి, కానీ చిప్పులకు సరిపడా కరెంటు అందించే డ్రైవర్ మంచిది వాడండి. ట్యాంకు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడే కారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోదు. ఉప్పునీటి దగ్గర కరెంటుతో రాజీ పడకూడదు.

గుంటూరు జిల్లాలో మిర్చి నారును షేడ్‌నెట్ కింద పెంచి, మెల్లగా ఎండ అలవాటు చేశాకే పొలంలో నాటుతారు. కొత్త కోరల్‌కూ అదే పద్ధతి. మొదటి వారం లైటు 30 శాతం మీదే ఉంచండి, తర్వాత మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. పెంచిన ప్రతిసారీ రెండు మూడు రోజులు కోరల్‌ను దగ్గరగా చూడాలి. జోవాంథిడ్ కాడలు సాగదీసుకుని పైకి నిక్కుతుంటే వెలుగు చాలడం లేదని. రాయికి అతుక్కుపోయి పగలంతా మొగ్గల్లా మూసుకునే ఉంటే ఎక్కువైందని. మష్రూమ్ అంచులు పైకి మడిచి గిన్నెలా మారితే ఒక్కోసారి అదీ వెలుగు ఎక్కువైన గుర్తే. విజయవాడ పటమటలో తెలిసినవాళ్ల ఇంట్లో ఒక లెదర్ కోరల్ లైటు వైపున్న సగం పాలిపోయి, వెనక సగం మంచి తేనెరంగులో ఉండటం చూశాను. లైటును కొంచెం పక్కకు జరిపి, 20 శాతం తగ్గించాక కొన్ని వారాల్లో ఆ సగానికీ రంగు తిరిగొచ్చింది.

వేసవిలో లైటు టైమింగ్ మార్చడం నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన ఉపాయం. లైటు వెలిగేది పగలా రాత్రా అన్నది కోరల్‌కు పట్టదు, రోజూ ఒకే వేళకు ఎనిమిది తొమ్మిది గంటలు వెలగాలి, అంతే. గది కాలిపోయే మధ్యాహ్నం లైటు ఆపేసి, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా వెలిగించండి. ఆఫీసుల నుంచి, షాపుల నుంచి మనుషులు ఇంటికొచ్చి ఏసీ వేసుకునేదీ ఆ వేళే, ట్యాంకు చూసుకునేదీ ఆ వేళే. మార్పు మాత్రం ఒక్కసారిగా చేయకుండా, రెండు రోజులకోసారి గంట చొప్పున జరపండి. కరెంటు పోయినప్పుడు లైటు గురించి టెన్షన్ పడొద్దు. ఒక రోజు చీకటిని కోరల్ తట్టుకుంటుంది, కదలని నీళ్లను తట్టుకోలేదు. ఇన్వర్టర్ మీద ముందుగా ఉండాల్సింది నీళ్లను కదిపే వేవ్‌మేకర్ పంపు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కూడా ఇంట్లో ఉంటే మరీ మంచిది.

పార్ మీటరు సంగతి ఒకటి మిగిలింది. నీళ్లలో ముంచి కొలిచే మంచి మీటరు ఖరీదు చిన్న ట్యాంకు లైటు కన్నా ఎక్కువ. ఒక్క ఇంటి కోసం కొనడం వృథా. కానీ విజయవాడ, గుంటూరుల మధ్య దూరం గంట ప్రయాణం. పది మంది కలిసి ఒక మీటరు కొంటే, ఒక్కో ట్యాంకుకు ఏడాదిలో రెండుసార్లు, చలికాలంలో ఒకటి, మార్చి చివర ఒకటి, కొలతలు తీసుకోవచ్చు. రాయి పైన, మధ్యలో, అడుగున ఎంతుందో ఒక కాగితం మీద రాసి ట్యాంకు పక్కన అంటించుకోవచ్చు. కోరల్స్ అమ్మే షాపులు తమ ట్యాంకుల్లో ఏ కోరల్ ఎంత పార్ కింద పెరుగుతోందో రాసి పెడితే ఇంకా మంచిది. కొన్నవాళ్లు ఇంట్లో ఎంతతో మొదలుపెట్టాలో అప్పుడు ఊహించుకోనక్కర్లేదు.