యాప్‌ల 41 చెట్లు, వాకిట్ల యాప మొద్దు

పాలమూరుల మబ్బు పడితే తిట్టే మనిషిని ఎప్పుడన్న చూసిండ్రా? నేను చూసిన, మా బావనే. మృగశిర కార్తె, జడ్చర్ల పక్కన ఊరు, ఊరంత పత్తి గింజలు తెచ్చి పెట్టుకొని మొగులు దిక్కు చూస్తున్నరు, పడమట ఒక్క నల్ల మబ్బు లేసేసరికి ముసలోళ్లు చేతులెత్తి దండం పెడుతున్నరు, మా బావ మాత్రం డాబా మీద ఫోన్ పట్టుకొని నిలబడి "దీనవ్వ, పొద్దటి సంది 5 యూనిట్లే" అని ఆ మబ్బునే తిడుతుండు. బొంబాయి బస్సులెక్కి వలస పోయిన జిల్లాల వాన వద్దనే మొగోడు పుట్టిండు, అంత సోలార్ పుణ్యం.

డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానళ్లు పెట్టిచ్చిండు. అప్పటి సంది మనిషి మనిషి లెక్క లేడు. పెండ్లికి పోయినా ప్యానల్ లెక్క చూపే ఫోన్ యాపే, దావత్‌కి పోయినా యాపే. మొన్న మా పెద్దనాయన దశదిన కర్మ నాడు, అందరు ఫొటో ముందల కూసొని కండ్లు తుడుచుకుంటుంటే ఈయన నా చెవిల "బామ్మర్దీ, ఇయాల 12 యూనిట్లు దాటింది చూడు" అంటడు. ఆ యాప్ల కింద చిన్న ఆకు బొమ్మ ఉంటది, దాని పక్కన నువ్వు ఇన్ని చెట్లు నాటినంత పుణ్యం అని ఒక అంకె. బావకి 41 వచ్చింది. కాయితం మీద సంతకం పెట్టుడు తప్ప గడ్డపార పట్టని చేతులు, 41 చెట్లు నాటినయంట.

సరే, అసలు ముచ్చటకొస్త. అమ్మెటోడు చెప్పిన లెక్క ఇది: రోజుకు 12 యూనిట్లు, నెలకు 360, యూనిట్ 9 రూపాయలు, అంటే నెలకు 3,240. ఖర్చు 2 లక్షలు, కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోను 1,22,000. మూడేండ్లల్ల పైసలు వాపస్, తర్వాత 22 ఏండ్లు ఫ్రీ. ఎఫ్‌డీలేసుకునేటోళ్లు పిచ్చోళ్లు సార్ అన్నడంట. బావ నమ్మిండు, ఎందుకంటే కాయితం కలర్ ప్రింట్ ఉండె.

9 రూపాయలు ఎక్కడిది రా? నెలకు 350 కాల్చే ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, మీది 100కి 7.70, ఆ కొస 50కే 9. మొత్తం కలిపితే 2,240. ప్యానల్ ఆపేది ఆ 2,240నే, 3,240 కాదు, ఫిక్స్‌డ్ చార్జీ ఎట్లైన కట్టాల్సిందే. వాడు కొసన ఉన్న రేటు పట్టుకొని మొత్తానికి గుణించిండు, అంగట్ల గంప మీద నాలుగు మంచి టమాటలు పెట్టి కింద పుచ్చులు దాసినట్టు. ఇంక తమాష ఏందంటే ఆ 2,240ల మొదటి కిలోవాటే 989 మిగుల్తది, ఎందుకంటే అది ఖరీదైన యూనిట్లు ముందు కోస్తది, తర్వాతి రెండు కిలోవాట్లు కలిసి 1,251. ఒకటి పెట్టుకుంటే చాలు అని ఏ అమ్మెటోడన్న చెప్పిండా? చెప్పడు, వాని కమీషన్ కిలోవాట్ల లెక్కన.

మా తాత ఉంటే ఇన్ని గుణకారాలు చెయ్యకపోతుండె. బీడీ తీసి ఒక్కటే మాట అడుగుతుండె, వడ్డీ ఎంత అని. రెండు రూపాయల వడ్డీ లెక్కన 1,22,000కి నెలకు 2,440. మిగిలేది 2,240. అంటే అప్పు తెచ్చి పెట్టినోడు నెలకు 200 ఎదురు కడుతుండు, అసలు అట్లనే కూసుంటది. బ్యాంకు వడ్డీకి దొరికితే ఓకే, ఐదు ఐదున్నరేండ్లల్ల వాపస్ వస్తది, మంచిదే, నేను కాదంటలేను. ప్యానల్ కరెంటును ఇంటి కరెంటుగ మార్చే ఇన్వర్టర్ 25 ఏండ్లు ఉండదు, నడుమల ఒకసారన్న మార్చాలె, ఆ ఖర్చు కాయితంల లేదు. కరెంటు రేటు ఏటా పది శాతం పెరుగుతది అనేది మాత్రం ఉంది. ఆ లెక్కన 25 ఏండ్లకు యూనిట్ దగ్గర దగ్గర 100 రూపాయలు! అప్పటికి మనం ఫ్యాన్ కాదు, విసనకర్ర కూడ కిరాయికి తెచ్చుకుంటం.

"నల్గొండ ఎండ అంటే బంగారం సార్" అని ఈ అమ్మెటోళ్లు మా గల్లీల కూడ తిరుగుతున్నరు. ప్యానల్‌కి కావాల్సింది ఎలుతురు, ఎండ వేడి కాదు. ప్యానల్ 65 డిగ్రీలు ఎక్కితే వందల పన్నెండు నుంచి పదహారు పాళ్లు తగ్గుతది. ఇంక క్రషర్ల దుమ్ము, కోతులు. పట్టపగలు కరెంటు పోతే సోలార్ కూడ బంద్, బ్యాటరీ లేని సిస్టం అంతే, లైన్ మీద పనిచేసే లైన్‌మన్ పాణం పోవద్దని. నడి ఎండల, నెత్తి మీద 3 కిలోవాట్లు పెట్టుకొని, బావ అట్టముక్కతోటి ఊపుకుంటుండే, ఆ సీన్ మాత్రం నాకు ఎఫ్‌డీ వడ్డీ కంటే ఎక్కువ గిట్టుబాటు.

నవ్వుడు అయింది. ఇప్పుడొకటి చెప్త. మా ఇంటెన్క గల్లీల ఒక అత్తమ్మ ఉంటది, ఒక్కతే, పింఛను మీద బతుకుతది. తెల్ల కార్డు. ఒక ఫ్యాన్, రెండు బల్బులు, ఒక టీవీ. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు, ఆమె 60 కూడ కాల్చదు. ఆమెతోటి లోన్ కాయితాల మీద ఏలిముద్ర పెట్టిచ్చిండ్రు. కరెంటు బిల్లు ఇంక రాదమ్మా అని చెప్పిండ్రంట. అరె, అసలే రాదు కదరా! సున్నల నుంచి ఏం తీస్తవ్? బిల్లుల ఆమెకు మిగిలేది ఎంతో మూడో తరగతి పోరడు చెప్తడు, సున్న. కిస్తీ మాత్రం నెల నెల. సర్కారు సబ్సిడీ ఇచ్చింది ఇందుకా, ముసలామె పింఛను గుంజుకోనీకా? ఆ కలర్ కాయితం పట్టుకొని మళ్ల మా గల్లీకి రాండ్రి, చెప్త.

బావ ముచ్చట ఇంకా అయిపోలే. వాకిట్ల మా అక్క అత్తగారు పెట్టిన యాప చెట్టు ఉండె, సాయంత్రం నాలుగు దాటితే దాని నీడ రెండు ప్యానళ్ల మీద పడుతుందని కొట్టించిండు. యాప్ల 41 చెట్లు, వాకిట్ల మొద్దు. చెట్టు పోయినంక పడమటి గోడ మండుతుంది, ఆ అర్రల పండలేక ఏసీ కొన్నరు. ఏసీతోటి మళ్ల బిల్లు వస్తుంది. నిన్న ఫోన్ చేసిండు, ఇంకో 2 కిలోవాట్లు పెట్టిస్తడంట, పక్కింటోళ్ల చింతచెట్టు జర అడ్డమొస్తుంది, నువ్వొచ్చి మాట్లాడు బామ్మర్దీ అంటుండు.