హమాలీకి 'బరువెత్తొద్దు' అని చెప్పేముందు

కర్నూలు యార్డులో ఎర్రగడ్డల బస్తాలు, ఆదోనిలో పత్తి, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు. వీటిలో చాలా సరుకు ఎవరో ఒకరి నడుము మీదుగానే లారీ ఎక్కుతుంది. ఆ నడుము నొప్పి మూడు నెలలు దాటినా తగ్గకపోతే వినిపించే మాట ఒకటే: "ఇక బరువులు ఎత్తొద్దు." కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లు ఆ మాట పాటించగలరు. హమాలీ పాటిస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఎమ్మారై రిపోర్టు వచ్చాక టెన్షన్ ఇంకా పెరుగుతుంది. "డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బింది" అంటే చాలు, మనిషి వంగడానికే భయపడతాడు. కానీ నొప్పే లేనివాళ్ల స్కానింగ్‌లను సమీక్షించిన 2015 నాటి పరిశోధన ప్రకారం 20 ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 మందికి అలాంటి ఉబ్బు ఉంది.

అదే ఏడాది వెలువడిన ఒక స్వీడన్ పరిశోధనలో నడుము నొప్పి ఉన్న 70 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు నేల మీది బరువును లేపే డెడ్‌లిఫ్ట్ చేసింది, రెండోది తేలికపాటి కదలికల వ్యాయామం. నొప్పి ఇద్దరికీ దాదాపు ఒకేలా తగ్గింది. రోజువారీ పనుల్లో మొదట రెండో గుంపుదే పైచేయి. రెండేళ్ల తర్వాత నొప్పిలో తేడా లేదు. కాబట్టి బరువెత్తడమే గొప్ప మందని నేను అనను. నొప్పి మరీ ఎక్కువగా ఉండి, వీపు కండరాలు బలహీనపడ్డవాళ్లకు దాంతో మొదలుపెట్టడం అంత కలిసిరాలేదు కూడా. వాళ్లు ముందు నడక, తేలిక వ్యాయామం చేయాలి. అయినా బరువులెత్తడమే బతుకుదెరువైనవాడికి, ఎత్తడాన్నే మళ్లీ నేర్పే చికిత్స ఉందన్నది చిన్న సంగతి కాదు.

"రోజూ మోస్తూనే ఉన్నాడు కదా, ఇంకా ఎక్సర్‌సైజ్ ఎందుకు?" అంటారు. యార్డులో బరువు అతని చేతిలో లేదు, విశ్రాంతీ లేదు. బస్తాకింత కూలి కాబట్టి ఆగితే నష్టం. వ్యాయామంలో అన్నీ అతని కొలతే. సంచిలో ఐదు కిలోల ఇసుక చాలు. ముందు స్టూలు ఎత్తు నుంచి, పిరుదులు వెనక్కి నెట్టి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలి. వారానికి రెండు మూడు రోజులు. మర్నాటికి నొప్పి సర్దుకుంటే తర్వాతి వారం ఒక కిలో పెంచాలి, ముదిరితే తగ్గించాలి. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం ఆగకపోయినా, జ్వరం తోడైనా మాత్రం వ్యాయామం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మెడికల్ షాపులో కొనే నడుము బెల్టును, నడుమును సాగదీసి లాగే ట్రాక్షన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు మామూలు చికిత్సగా వద్దన్నాయి, వ్యాయామాన్ని సిఫారసు చేశాయి. మన పెద్దాసుపత్రుల్లో చీటీ రాసేవాళ్లు "ఏం మోస్తావు, ఎంత ఎత్తు నుంచి?" అని అడగాలి. ఈ వారం ఎన్ని కిలోలు, ఎన్నిసార్లో రాసివ్వాలి. కోలుకునే రెండు మూడు నెలలు యార్డులో అతనికి కాటా దగ్గరో, సంచులు కుట్టే చోటో పని ఇవ్వాలని హమాలీ సంఘాలు వ్యాపారులను అడగాలి. ఆ పనులు ఎలాగూ ఎవరో ఒకరు చేయాల్సినవే.